పోలినాయుడు ఎల్., సంపుటి 12, పుటలు 45–52

నేను కాంక్రీటు మీద డాక్టరేటు తీసుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నా సర్వీసులో సగం కామాల మీద గడిచిపోయింది.

మాది విజయనగరం దాటాక హైవే పక్కన ఉన్న ఇంజనీరింగు కాలేజీ. పేరెందుకు లెండి. నా పేరు గంటి మృత్యుంజయం, సివిల్ విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్ని. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ప్రొఫెసర్ కావాలంటే ఇంకొక్క పేపరు మంచి జర్నల్లో రావాలి. ఆ పేపరు రాశాను కూడా. థర్మల్ స్టేషను బూడిద కలిపిన కాంక్రీటు సముద్రపు గాలికి ఎన్నాళ్ళు తట్టుకుంటుందనేది విషయం. జర్నల్ వాళ్ళు పదకొండు సార్లు తిప్పి పంపారు. పదకొండు సార్లలో ఒక్కసారైనా కాంక్రీటు గురించి ఒక్క ముక్క అడిగితే ఒట్టు! మొదటిసారి, రిఫరెన్సుల్లో రచయితల పొడి అక్షరాలు పేరు తర్వాత రావాలన్నారు. మార్చాను. రెండోసారి, పేరుకీ పొడి అక్షరాలకీ మధ్య కామా తీసెయ్యమన్నారు. తీసేశాను. నాలుగోసారి సంపుటి సంఖ్య బొద్దుగా ఉండాలన్నారు. ఐదోసారి మరీ బొద్దుగా ఉందన్నారు. ఏడోసారి వచ్చిన ఉత్తరంలో, పుటల సంఖ్యల మధ్య మీరు వాడినది పొట్టి గీత, మేము కోరినది పొడుగు గీత అని ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. ఏం చెయ్యను, ఇంజనీరుని కదా. వాళ్ళు చెప్పింది నిజమే, అర మిల్లీమీటరు తక్కువుంది.

పదకొండోసారి తిరిగొచ్చిన రోజునే ప్రిన్సిపాల్ కందాళ శేషాచార్యులు గారు కబురు పెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడినా సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది.

"మృత్యుంజయం గారూ, రిఫరెన్సుల విషయమై మన సంస్థ ప్రమాణాలు ఆశించిన స్థాయిలో లేవని యాజమాన్యం దృష్టికి వచ్చి ఉన్నది. తత్సంబంధముగా ఒక క్రమబద్ధీకరణ సంఘాన్ని తక్షణం నియమించుచున్నాము. పదకొండు తిరస్కరణల అనుభవం గలవారు సంస్థలో మీరొక్కరే. కావున కన్వీనర్ మీరే."

ఆయన నన్ను పొగిడారో తిట్టారో ఇప్పటికీ తెలీదు. కానీ కన్వీనర్ అన్న మాట చెవిన పడగానే నా ఛాతీ అంగుళం పెరిగింది. నా జబ్బే అది.

నెల్లాళ్ళు తలుపు వేసుకుని నియమావళి రాశాను. అరవై నాలుగు పేజీలు, నలభై ఒక్క నియమాలు. ప్రిన్సిపాల్ గారు పన్నెండు అడిగితే నలభై ఒకటి ఇచ్చానంటే నా ఉత్సాహం మీరే ఊహించుకోండి. అందులో మూడింటిని చూసుకుని అప్పట్లో నేను తెగ మురిసిపోయేవాణ్ణి. ఆరో నియమం: రిఫరెన్సు లేని వాక్యం వాక్యమే కాదు. పద్నాలుగో నియమం: తన మాటకు తానే ఆధారం చూపుకోవడం చెల్లదు. ఇరవై రెండో నియమం: ఒకరి మాటను రిఫరెన్సు ఇవ్వకుండా వాడినవారు గ్రంథచోరులు, వారిని నోటీసు లేకుండా ఉద్యోగం నుంచి తొలగించవలెను. 'వలెను' అని రాస్తున్నప్పుడు నాకు ఎంత తృప్తిగా ఉండిందో చెప్పలేను.

నియమావళితో పాటు ఒక నమూనా ఫైలు కూడా తయారుచేయాలి. లెక్చరర్లందరూ అందులోనే తమ పేపరు నింపి పంపాలన్నమాట. నమూనాకి ఒక ఉత్తుత్తి రిఫరెన్సు కావాలి. ఎవరి పేరు పెడదామా అని బుర్ర గోక్కుంటూ ఉంటే, మా కాంక్రీటు ల్యాబ్ మేస్త్రి లెంక పోలినాయుడు గుమ్మంలోకొచ్చాడు. చేతులకి సిమెంటు, భుజం మీద తువ్వాలు.

"బాబూ, ఆ మూడో బేచీ పిల్లలు మిక్సులో నీలు గుమ్మరించేసినారండి. నీలెక్కువైతే బలం సచ్చిపోతాది బాబూ. మల్లీ కలపమని ఓ మాట సెప్పండి."

పోలినాయుడు సంగతి కాస్త చెప్పాలి. అప్పటికి పదిహేడేళ్ళుగా మా ల్యాబులో పరీక్షకి కాంక్రీటు దిమ్మలు, అదే క్యూబులు పోసేదీ, నానబెట్టేదీ, మిషన్లో పెట్టి పగలగొట్టేదీ అతనే. మేము చేసే పరిశోధన పక్కన నిలబడి అంకెలు రాసుకోవడం. గుప్పెడు మిక్సు అరచేతిలో పిండి చూసి "ఇది నిలబడదు బాబూ" అనేవాడు. ఇరవై ఎనిమిది రోజులు నానాక పగలగొట్టే మిషను కూడా అదే మాట చెప్పేది.

"సరే, చెప్తాలే" అంటూనే నమూనాలో ఇలా కొట్టాను: [1] పోలినాయుడు ఎల్., 'కాంక్రీటులో జలాధిక్యం, తజ్జనిత బలహీనత: ఒక పరిశీలన', నిర్మాణ విజ్ఞాన మంజరి, సంపుటి 12, సంచిక 3, పుటలు 45–52. గీత పొడుగుదే వాడాను. ఆ పేరుతో పత్రికే లేదు, ఇక పన్నెండో సంపుటం ఎక్కడిది? పైన మొదటి పేరాలో మచ్చుకి ఒక వాక్యం పెట్టాను: 'ఈ విషయం ఇదివరకే నిస్సందేహంగా నిరూపితమైనది [1].' ఈ రెండూ నమూనా మాత్రమే, మీ పేపరు నింపాక వీటిని చెరిపేయండి అని నియమావళి అరవై ఒకటో పేజీలో స్పష్టంగా రాశాను. అరవై ఒకటో పేజీ దాకా చదివే మనిషి మా కాలేజీలో ఉంటాడని ఏ ధైర్యంతో అనుకున్నానో మరి. రాసినవాణ్ణి నేనే రెండోసారి చదవలేదు.

రెండేళ్ళు గడిచాయి. నియమావళి బ్రహ్మాండంగా అమలైంది. ఆరో నియమం పేపర్లు దాటి మిగతా కాగితాల మీదికి కూడా పాకింది. ఎలక్ట్రానిక్స్ లెక్చరరు ఒకాయన 'నాకు జ్వరము వచ్చినందున సెలవు కోరుచున్నాను' అని రాస్తే, జ్వరానికి రిఫరెన్సు లేదని ఆఫీసు వాళ్ళు తిప్పి పంపారు. ఆయన జ్వరాల మీద నాలుగు గ్రంథాలు వెతికి జతచేసేసరికి జ్వరం తగ్గిపోయింది. జ్వరం లేదు గనక సెలవు లేదన్నారు. క్యాంటీన్ బోర్డు మీద 'వేడి వేడి ఇడ్లీ' అనుండేది. 'వేడి'కి ఆధారం అడిగారు. పాపం క్యాంటీన్ అతను రెండు వేడులూ చెరిపేసి ఉత్త ఇడ్లీ మిగిల్చాడు. అందరూ దారిలో నన్ను చూసి నమస్కారం పెట్టేవారు. వాళ్ళ కళ్ళల్లో ఉన్నది గౌరవమేనని నేను చాలాకాలం అనుకున్నాను.

ఒకరోజు నెలవారీ సమావేశంలో పరిశోధనల డీన్ ఉషారమణి గారు గోడ మీద తెర వేసి అంకెలు చూపించారు. ఈ రెండేళ్ళలో మా కాలేజీ పేపర్లలో అత్యధికంగా ఎవరిని ఉదహరించారో లెక్క తీశారట. మొదటి స్థానంలో ఉన్న పేరు రెండుసార్లు చదువుకున్నాను. పోలినాయుడు ఎల్., మూడు వందల పన్నెండు పేపర్లు.

సివిల్ వాళ్ళే కాదు, అందరూ వాడారు. సెల్‌ఫోను ఏంటెన్నా పేపరులో 'ఈ విషయం ఇదివరకే నిస్సందేహంగా నిరూపితమైనది [1]' అని ఉంది. మేనేజ్‌మెంటు విభాగం వాళ్ళు వినియోగదారుల మనస్తత్వం మీద రాసిన పేపర్లోనూ అదే వాక్యం, అదే పోలినాయుడు. ఒక్కరూ చెరపలేదు. మా పేపర్లు వేసే చిన్నాచితకా జర్నళ్ళూ మాట్లాడకుండా వేసేశాయి. ఎందుకు వెయ్యరు? కామా, చుక్క, గీత అన్నీ అంత చక్కగా ఉన్న రిఫరెన్సు వాళ్ళు జన్మలో చూసి ఉండరు.

"ఈ మహనీయుణ్ణి మన సంస్థ ఇంతవరకూ ఏ విధముగానూ గౌరవించకపోవడం విచారకరం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "హైవే వైపు నిర్మింపబోవు నూతన భవనానికి 'ఆచార్య ఎల్. పోలినాయుడు పరిశోధనా కేంద్రం' అని నామకరణం చేయ ప్రతిపాదించుచున్నాను. మృత్యుంజయం గారూ, ఆయన మీ శాఖవారే కదా, మీకు పరిచయమా?"

అప్పుడు నోరు తెరవాల్సింది. తెరిచాను కూడా, టీ తాగడానికి. ప్రొఫెసర్ పోస్టు ఫైలు ఆయన బల్ల మీదే ఉంది మరి. "పేరు విన్నానండీ" అన్నాను.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు ఆగకముందే రెండో అంశం చదివేశారు. డిప్లొమా లేని ల్యాబ్ సిబ్బందిని మూడు నెలల నోటీసుతో తొలగిస్తారట. సివిల్ విభాగం నుంచి ఒకే పేరు. లెంక పోలినాయుడు, మేస్త్రి, తొమ్మిదో తరగతి. రెండు పేర్లూ ఒకే కాగితం మీద నాలుగు వరసల తేడాలో ఉన్నాయి. ఆ గదిలో ఉన్న పదిహేడు మంది డాక్టరేట్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

మర్నాడు పోలినాయుడు నా గదికొచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దాటనివాడు లోపలికొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, నన్ను ఎల్లిపోమన్నారండి. డిప్లొమా కావాలంట. యాబయ్యేడేళ్ళు నాకు. మోకాళ్ళు పోయినాయి, కర్రల సారవ మీదెక్కి సెంట్రింగు పని సెయ్యలేను. ఇక్కడైతే నేల మీద పని. నాకు పని తెలుసునని ఓ కాయితం రాసియ్యండి బాబూ. మీ మాటంటే ఇంటారు."

నా మాటంటే వింటారట! సిగ్గుతో తల దించుకుని రాశాను. 'శ్రీ లెంక పోలినాయుడు కాంక్రీటు పనిలో మిక్కిలి సమర్థుడు.' సాయంత్రానికి తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒకటే మాట: రిఫరెన్సు? ఆరో నియమం.

దానికేం భాగ్యం, నా పేపర్లు ఇరవై ఒకటున్నాయి కదా, ఆ క్యూబులన్నీ పోసింది అతనే కదా, వాటిల్లో ఎక్కడో ఒకచోట పేరు ఉండకపోదు అనుకుని అన్నీ ముందేసుకుని, ప్రయోగాలు రాసిన పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. మొదటి పేపరు, 'క్యూబులు పోయబడినవి.' రెండోది, 'మిశ్రమం కలపబడినది.' ఏడోది, పన్నెండోది, ఇరవై ఒకటోది, అన్నిట్లో అదే వరస. సిమెంటు తనంతట తానే లేచొచ్చి ఇసకతో కలిసింది, క్యూబులు వాటంతటవే నీళ్ళలోకి దూకాయి. చివర్లో కృతజ్ఞతలు చెప్పుకునే చోట యాజమాన్యం ఉంది, ప్రిన్సిపాల్ ఉన్నారు, నా కంప్యూటరు బాగుచేసిన కుర్రాడు కూడా ఉన్నాడు. పోలినాయుడు లేడు. పందొమ్మిదేళ్ళు నా ఎదురుగా ఉన్న మనిషి నా ఇరవై ఒక్క పేపర్లలో ఆ పని చేసినవాడిగా ఎక్కడా లేడు. నన్ను చెప్పుచ్చుకు కొట్టినా పాపం లేదు.

అతని పేరు అచ్చులో ఉన్నది లోకంలో ఒకే ఒక్కచోట. అది నేను పుట్టించిన దొంగ రిఫరెన్సు.

పోనీ, అదే ఇద్దాం అనుకున్నాను. ప్రొఫెసర్ పోస్టు పోతే పోనీ, ఇతని ఉద్యోగం నిలబడాలి. ఉత్తరం మళ్ళీ రాశాను. 'శ్రీ లెంక పోలినాయుడు కాంక్రీటు పనిలో మిక్కిలి సమర్థుడు [1].' కింద ఆ రిఫరెన్సు, పొడుగు గీతతో సహా. ఫార్మాటులో వంక పెట్టడానికి వీల్లేకపోయింది కనక ఆఫీసు వాళ్ళు నేరుగా కమిటీ ముందుకు పంపారు. కన్వీనర్ని నేనే అయినా, అర్జీ కూడా నాదే గనక నన్ను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టారు. పోలినాయుడు తువ్వాలు చేత్తో పట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "రిఫరెన్సు ఒకటి ఆచార్య పోలినాయుడు గారిది. అంతటి శాస్త్రజ్ఞుడు ఒక మేస్త్రి సామర్థ్యమును గూర్చి రాశారా?"

"రాయలేదండీ. ఆయనే ఈయన."

"అనగా?"

"అనగా ఏముందండీ, ఆ ఆచార్యులు లేడు. ఆ పత్రిక లేదు, ఆ పేజీలూ లేవు. నమూనా కోసం నేను పుట్టించాను. ఇతను గుమ్మంలో నిలబడితే ఇతని పేరు పెట్టాను. ఇతను అన్న మాటే శీర్షికగా పెట్టాను. లోకంలో ఉన్న పోలినాయుడు ఈయనొక్కడే."

ఉషారమణి గారు మెల్లగా అడిగారు. "దీనికి ఆధారం?"

"ఆధారమేమిటి మేడమ్, రాసింది నేనే కదా!"

ఆవిడ నియమావళి తిరగేశారు. ఆ పుస్తకం తెరిచిన మనిషిని చూడడం నాకు అదే మొదటిసారి. "పద్నాలుగో నియమం. తన మాటకు తానే ఆధారం చూపుకోవడం చెల్లదు. మీరు రాసిందే సార్. ఆయన లేరని మీరొక్కరు అంటున్నారు. ఉన్నారని మూడు వందల పన్నెండు పేపర్లు అంటున్నాయి. అందులో మూడు మీవే."

నా పేపర్లలో కూడా నేను ఆ వాక్యం చెరపడం మర్చిపోయాను. మొన్న వెతికింది ప్రయోగాలూ కృతజ్ఞతలూ ఉన్న పేజీలే, మొదటి పేరాల జోలికి పోలేదు.

"పోనీ, ఇతన్నే అడగండి సార్," అన్నాను. "పని తెలుసో లేదో ఇతని నోటే వినండి."

ప్రిన్సిపాల్ గారు పోలినాయుడి వైపు తిరిగారు. "కాంక్రీటును గూర్చి నీకు తెలిసినదేమిటోయ్?"

పోలినాయుడు తువ్వాలు నలిపాడు. "నాకేటి తెలుసు బాబూ, సదువు నేనోణ్ణి. నీలెక్కువైతే బలం సచ్చిపోతాది. ఆ ఒక్కటీ తెలుసు."

ప్రిన్సిపాల్ గారి చేతిలో పెన్ను కింద పడింది. "ఇది ఆచార్యుల వారి సిద్ధాంతం కదా! జలాధిక్యం, తజ్జనిత బలహీనత! పొల్లు పోకుండా చెప్పేశాడే!"

"రిఫరెన్సు చెప్పలేదు సార్," అన్నారు ఉషారమణి గారు. "ఇరవై రెండో నియమం."

"గ్రంథచౌర్యం," అన్నారు ప్రిన్సిపాల్ గారు, బరువుగా.

నేను కుర్చీ తన్నుకుంటూ లేచాను. "మతి ఉండే మాట్లాడుతున్నారా మీరు? ఆయన మాట ఆయనే దొంగిలించడమేమిటండీ!" జీవితంలో ప్రిన్సిపాల్ ముందు గొంతు పెంచడం అదే మొదలు.

"సభామర్యాద పాటించగలరు," అన్నారాయన, నా కేకని కూడా మినిట్స్‌లో రాయిస్తూ. "ఒక మహాశాస్త్రజ్ఞుని అస్తిత్వమును నిరాకరించిన మీ వ్యాఖ్యలు, రిఫరెన్సు లేనందున, రికార్డుల నుంచి తొలగించడమైనది. మీ పదోన్నతి విషయం మీ పేపరు వెలువడిన మీదట పరిశీలింపబడును."

డిప్లొమా లేకపోతే మూడు నెలలు గడువుండేది. గ్రంథచోరులకి గడువు లేదు. ఆ సాయంత్రమే పొమ్మన్నారు. ఇదీ నేను పూనుకుని చేసిన సాయం.

ల్యాబులో అతను తన తాపీ కడిగి గుడ్డలో చుట్టుకుంటున్నాడు. నేను పక్కన నిలబడ్డాను, ఎప్పట్లాగే.

"బాబూ, నేను దొంగతనం సేసేనని కాయితం ఇచ్చినారు. ఏటి ఎత్తుకెల్లేనో రాయనేదు. ఎతికి సూసుకోమనండి నా సంచి."

"నువ్వేమీ ఎత్తుకెళ్ళలేదు పోలినాయుడూ."

"ఆ పెద్దాయన కూడా మనోడే కావాల. పేరు సూస్తే మా వూరోడి లాగుంది. ఓపాలి ఆరిని కలిస్తే సెప్పుకుందును. ఆరికి తెలిసిన ముక్కే నాకూ తెలిసినాది, ఎత్తుకెల్లనేదు బాబూ అని."

"ఆ పెద్దాయన నువ్వే," అన్నాను. "ఒట్టు. నేనే రాశాను నీ పేరు."

అతను నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఊరుకోండి బాబూ. నానెప్పుడు రాసేను?"

ఆర్నెల్ల తర్వాత హైవే వైపు కొత్త భవనానికి శ్లాబు వేస్తున్నారంటే విద్యార్థుల్ని చూపించడానికి తీసుకెళ్ళాను. రెండో అంతస్తు సారవ మీద నిలబడి మిక్సరు వాళ్ళని కేకలేస్తున్న గొంతు తెలిసిన గొంతే. పోలినాయుడు. కంట్రాక్టరు కింద కూలికి చేరాడట. నన్ను చూసి ఒక్కో కర్రే పట్టుకుంటూ, మోకాలు వంగక, పక్కవాటంగా కిందికి దిగాడు. దిగొద్దంటే వినలేదు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"అయి అలాగే ఉన్నాయి బాబూ. ఎక్కేక దిగను, అన్నం కూడా పైకే తెప్పించుకుంతాను." ఎదురుగా పాతిన పెద్ద బోర్డు వైపు గడ్డంతో చూపించాడు. 'ఆచార్య ఎల్. పోలినాయుడు పరిశోధనా కేంద్రం.' "ఆ పేరే కదా బాబూ? కుర్రోలు సదివి సెప్పినారు. అందుకే నీలు నానే కొలిసి పోయిస్తన్నాను. ఎవుడినీ ముట్టుకోనివ్వను. పెద్దాయన పేరెడతన్నారు కదా, రేపు శ్లాబు కారితే ఆరికి మాట రాకూడదు."

నా వెనకాల ముప్ఫై మంది విద్యార్థులు నోటు పుస్తకాలు పట్టుకుని ఉన్నారు. ఏం రాసుకోవాలో వాళ్ళకి తెలీలేదు. కళ్ళల్లో సిమెంటు పడిందని చెప్పి పక్కకి వెళ్ళాను.

గదికొచ్చి నా బూడిద కాంక్రీటు పేపరు తీశాను. 'క్యూబులు పోయబడినవి' అన్న వాక్యం కొట్టేసి, 'ఈ క్యూబులు పోసినవాడు లెంక పోలినాయుడు, మేస్త్రి' అని రాశాను. పక్కన నంబరు వెయ్యలేదు. జర్నల్‌కి పంపాను. మూడు వారాల్లో తిరిగొచ్చింది, ఆ వాక్యానికి రిఫరెన్సు లేదు, తొలగించగలరు అని. తొలగించకుండా మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపాను. ప్రిన్సిపాల్ గారు కనిపించినప్పుడల్లా పేపరు ఏమైందని అడుగుతారు. దారిలో ఉందండీ అంటాను.

ఇప్పటికి పందొమ్మిది సార్లయింది. మొన్నటి ఉత్తరంలో కింద చేత్తో ఒక ముక్క రాశారు, కామాలు మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయని.